గంగాళంలో సముద్రం

ఇందిర కొత్తపేట నుంచి తిరిగి వచ్చేసరికి హాల్లో గాజుతొట్టి వెనక గాలిమోటారు ఎప్పటిలాగే గుర్రుమంటోంది. తొట్టి అడుగు నుంచి బుడగలు వరసగా పైకి లేస్తున్నాయి. చేపలు మాత్రం లేవు.

సంచీ కింద పెట్టకుండానే వంగి చూసింది. రాళ్ళ సందుల్లో వెతికింది. బెదిరితే అవి అక్కడే దాక్కుంటాయి. అక్కడా లేవు. నీళ్ళు పాలచుక్క కలిసినట్టు మసకేసి ఉన్నాయి. సముద్రపు పువ్వు ఉండే రాయి మీద బూడిదరంగు జిగురు ముద్ద ఒకటి అంటుకుని ఉంది. అది చూశాక గాని సంగతి బుర్రకెక్కలేదు.

“ఏవండీ, చేపలేవీ?”

“పోయేయి,” అన్నాడు గౌరీశంకరం, వాలుకుర్చీలోంచి లేవకుండా. అమలాపురం కోర్టులో చాలా ఏళ్ళుగా వకీలు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ దించాలో ఆయనకు తెలుసు. “పౌర్ణమి మర్నాడు ఒకటీ రెండూ తేలేయి. తరవాత అన్నీ తేలేయి. పనిమనిషి చేత కొబ్బరిచెట్టు మొదట్లో పాతించేను. ఇల్లంతా ఒకటే నీచు. అక్కయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు పాపం.”

“ఎందుకు పోయేయి?”

“ఎందుకేవిటి? నీళ్ళు! ఆ మాస్టరు ఏ మురుక్కాలవలో ముంచి తెచ్చేడో. నువ్వు చెప్పినట్టే పాత నీళ్ళు కొన్ని తీసి, ఆయన తెచ్చినవి పోసేను. అంతే. ఆ మర్నాడే మొదలు.”

ఇందిర సంచీ కింద పెట్టింది. ‘పాపం’ అనే మాట ఆ ఇంట్లో ఆడపడుచు తినని నాలుగు ముద్దలకి ఖర్చయిపోయింది. చేపలకి మిగల్లేదు.

ఆ తొట్టి ఆమెకు కాలక్షేపం కాదు. పెళ్ళికి ముందు కాకినాడలో జువాలజీ చదివింది. చదువు అయిన ఏడాదే పెళ్ళి. ఆ తరవాత చదువు అటక మీదికెక్కింది. డెబ్భై తొమ్మిదిలో ఒక పేషీకి ఫీజు బదులు ఎవరో ఈ మూడడుగుల గాజుతొట్టి తెచ్చి ఇచ్చారు. గౌరీశంకరం అందులో ఎర్రచేపలు వేద్దామన్నాడు. ఇందిర సముద్రపు చేపలు వేస్తానంది. అందరూ నవ్వారు. ఉప్పునీళ్ళకి ఇనపచట్రం తుప్పు పడుతుందన్నారు. ఆమె చట్రానికి రెండు పూతలు రంగు వేయించి, పుట్టీ తనే దగ్గరుండి పెట్టించింది. గవ్వలు దంచి అడుగున పరిచింది. కరెంటు పోయినప్పుడల్లా గాలి ఆడటానికి ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చునేది. మొదట వేసినవి చచ్చిపోయాయి. రెండోసారి వేసినవి బతికాయి. పళ్ళెంలా పలచగా ఉండి ఒళ్ళంతా నల్లచుక్కలున్నవి రెండు, వెండి రేకుల్లాంటి కొయ్యింగ చేపపిల్లలు, శంఖంలో కాపురం చేసే పీత ఒకటి, ఇంకా పువ్వులా రేకులు విప్పుకుని రాయినంటి బతికే ప్రాణి, ఆ సముద్రపు పువ్వు. ఆమె చేతి నీడ పడితే చుక్కల చేపలు పైకొచ్చి మూతులు తెరిచేవి.

బ్రాహ్మలింట్లో చేపలేమిటన్న హాస్యాలకి లోటు లేదు. అంబాజీపేట కొబ్బరి వర్తకుడు మాణిక్యాలరావు, గౌరీశంకరం క్లయింటు, వచ్చినప్పుడల్లా తొట్టి వైపు చూసి, “ఇవాళ కూరేవిటండి లాయరు గారూ?” అనేవాడు. గౌరీశంకరం పెద్దగా నవ్వేవాడు. నవ్వినా, కొత్తవాళ్ళెవరొచ్చినా తొట్టి చూపించి, “సముద్రపు నీళ్ళండి, ఒరిజినల్!” అని చెప్పుకునేవాడు కూడా.

ఆ ఒరిజినల్ నీళ్ళు తెచ్చేది వరప్రసాదం మాస్టారు. ఓడలరేవు దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్తాడు. కాకినాడలో ఇందిరకి ఒక ఏడాది సీనియరు. ఒకసారి బజార్లో కనబడి, ఆమె తొట్టి సంగతి చెప్తే, “నీళ్ళకి మీరెందుకండీ శ్రమపడటం, శనివారం శనివారం నేను ఎలాగూ ఊళ్ళోకొస్తాను కదా” అన్నాడు. అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నం రెండు తెల్ల క్యాన్లు అరుగు మీద పెట్టి, ఖాళీవి పట్టుకెళ్ళేవాడు. చేపలు కూడా చాలామటుకు ఆయన పట్టించి తెచ్చినవే. అరుగు మీదే నిలబడి, “బాగున్నాయా అండీ అన్నీ?” అని అడిగేవాడు. “బాగున్నాయండి” అనేది ఇందిర. కాఫీ ఇచ్చేది. ఆయన తాగి వెళ్ళిపోయేవాడు.

ఆ శనివారం అరుగు మీదికి ఎవరూ రాలేదు. సాయంత్రం దాకా చూసి, “మాస్టారు రాలేదేవిటండీ?” అంది ఇందిర.

“ఎందుకొస్తాడు? నేనే చెప్పేసేను. బస్టాండులో కనబడ్డాడు. మీ నీళ్ళు పోసి చేపలన్నీ చచ్చేయి, ఇంక తేకండి మాస్టారూ అన్నాను.”

“నన్నడక్కుండా?”

“చచ్చినవాటికి నీళ్ళెందుకని!” అన్నాడు. అని, తను చాలా తమాషాగా మాట్లాడినట్టు నవ్వాడు.

“మీకేం తెలుసని నీళ్ళవల్లే పోయేయన్నారు?”

“ఇందిరా, కోర్టులో అయినా ఇంట్లో అయినా ఒకటే. నీళ్ళు పోసేం, చచ్చేయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?”

వంటింటి గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న కామాక్షమ్మ అందుకుంది. గౌరీశంకరానికి అక్కగారు. ఆవిడది అప్పనపల్లి పక్క ఊరు. ఏటా కార్తీకానికి వచ్చి సంక్రాంతి దాకా తమ్ముడింట్లోనే గడుపుతుంది. “పీడా పోయింది కదే! ఇంక ఆ తొట్టి తుడిపించి నా దేవుడి బొమ్మలు పెట్టుకుంటాను. దీపం పెడితే అద్దాల్లోంచి ఎంత కళగా ఉంటుందో చూడు.”

ఇందిర తొట్టిలో మసకనీళ్ళు చూస్తూ కూర్చుంది. ఆమెకు ఒక సంగతి మింగుడు పడటం లేదు. రెండేళ్ళు వచ్చిన నీళ్ళు. అదే మనిషి, అదే రేవు, అవే క్యాన్లు. వానాకాలంలో గోదారి నీళ్ళు కలిసి ఉప్పు తగ్గుతుందేమోనని, పడవవాళ్ళ నడిగి బాగా లోపలి నుంచి పట్టించి తెచ్చిన మనిషి. ఆయన మురుక్కాలవలో ముంచుతాడా? నీళ్ళు కొంచెం చెడితే ముందు ఒకటి నలతపడుతుంది, తరవాత ఇంకొకటి. పువ్వూ, పీతా, చేపా అన్నీ ఒక్క ఊపున పోవాలంటే అది చెడిన నీళ్ళ పని కాదు. విషం పని.

ఆ విషం పేరు సోమవారం తెలిసింది, అడక్కుండానే.

పక్కింటి రాజ్యం గారు దొడ్లో కామాక్షమ్మతో మాట్లాడుతోంది. ఈ ఏడు పౌర్ణమికి ఓడలరేవు బస్సులు కిక్కిరిసి పోయాయని, స్నానానికి వెళ్ళి నలిగిపోయి వచ్చానని చెప్తోంది.

“నా మోకాళ్ళతో నేనెక్కడ వెళ్ళగలను రాజ్యం?” అంటోంది కామాక్షమ్మ. “అయినా ఆ భగవంతుడు నా కోసం సముద్రాన్నే ఇంటికి పంపించేడు. ఆ మాస్టరు ముందునాడు క్యాన్లు అరుగు మీద పెట్టి వెళ్ళేడు కదా! ప్లాస్టిక్కు మడికి పనికిరాదు. రాగి గంగాళం చింతపండు వేసి తళతళలాడేట్టు తోమించి, అందులో పోయించేను. రాత్రల్లా దొడ్లో వెన్నెట్లో ఉంచేను. తెల్లారగట్ట సంకల్పం చెప్పుకుని, చిటికెడు పసుపు వేసి, నాలుగు చెంబులు పోసుకున్నాను. సముద్రస్నానం చేసినట్టే కదా!”

“చేసినట్టేనండి అక్కయ్యగారూ. మరి మిగిలిన నీళ్ళో?”

“పుణ్యం నీళ్ళు పారబోస్తావా? తమ్ముడు చేపల తొట్టిలో పోసేడు. వాటికి మాత్రం పుణ్యం వద్దూ?”

నూతి దగ్గర చేద లాగుతున్న ఇందిర తాడు వదిలేసింది. చేద దభేలున నీళ్ళలో పడింది.

రాగి! తోమి మెరిపించిన రాగిలో, రాత్రల్లా నిలవ ఉంచిన ఉప్పునీళ్ళు! కాలేజీలో మొదటి ఏడాదే చెప్పిన పాఠం అది. సముద్రజీవాలు పట్టుకుని పెరగకుండా వెనకటికి ఓడల అడుగున రాగిరేకులు కొట్టేవారని చెప్పారు. మనిషి తాగే నీటికి మంచిదే, సముద్రంలో పుట్టినదానికి చావు. అందుకే తొట్టి పెట్టిన మొదటి రోజునే ఇంట్లో అందరికీ చెప్పింది, ఇత్తడి చెంబూ రాగి చెంబూ దీని దగ్గరికి తేవద్దని. కొత్తపేట వెళ్ళేముందు మళ్ళీ చెప్పింది.

“వదినగారూ,” అంది దగ్గరికి వచ్చి. “ఆ నీళ్ళు ఎవరు తెచ్చేరో తెలుసా మీకు?”

“తెలియకేం? ఆ మాస్టరేగా.”

“ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వరు మీరు. కిందటేడు ఆయన అరుగు మీద కూచుంటే, వెళ్ళేక కడిగించేరు. ఆయన చేత్తో ముంచి, ఆయన చేత్తో మోసుకొచ్చిన నీళ్ళు మాత్రం నెత్తిన పోసుకున్నారు.”

“సముద్రానికి మైలేవిటే?” అంది కామాక్షమ్మ తెల్లబోయి.

“సముద్రానికి లేదు. మోసుకొచ్చిన మనిషికి ఉందా? సరే. మీకు పుణ్యం ఇచ్చిన నీళ్ళే చేపల దగ్గరికి వచ్చేసరికి మురుక్కాలవ నీళ్ళు ఎలా అయ్యేయి?”

రాజ్యం గారు నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకు పొయ్యి మీద పప్పుందమ్మా” అంటూ గోడ దాటి వెళ్ళిపోయింది. ఆ పప్పు ఉడికేలోగా వీధి వీధంతా తెలుస్తుందని ఇందిరకు తెలుసు. తెలియనీ అనుకుంది.

గౌరీశంకరం కోర్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవటం కూడా కాలేదు.

“గంగాళం సంగతి మీకు తెలుసా?”

“ఏ గంగాళం?” అన్నాడు. వెంటనే, “ఓ, అదా! రాగి పాత్రలో నీళ్ళు మనం తాగటల్లేదూ? మా నాన్నగారు తెల్లారితే రాగిచెంబెడు నీళ్ళు తాగి తొంభై ఏళ్ళు బతికేరు.”

“మీ నాన్నగారు చేప కాదు.”

“ఇందిరా!”

“రాగి దాని దగ్గరికి తేవద్దని చెప్పేనా లేదా? ఊరెళ్తూ ఈ గుమ్మంలో నిలబడి మళ్ళీ చెప్పేనా లేదా?”

“చెప్పేవేమో. నువ్వు చెప్పేవన్నీ గుర్తుంటాయా? అక్కయ్య పొయ్యమంది, పోసేను. తెలిసి చేసేనా?”

“తెలియక చేసినదానికి నేనేం అనటల్లేదు. తెలియనప్పుడు, తెలియదు అనాలి. చేపలు తేలుతుంటే గంగాళం మీకు గుర్తు రాలేదా? గుర్తొచ్చింది. గుర్తొచ్చే, ఆయన మీద పెట్టేరు. అక్కయ్య మీద పెట్టలేరు, మీ మీద పెట్టుకోలేరు. అడిగేవాళ్ళు లేరని ఆయన మీద పెట్టేరు. బస్టాండులో, పదిమందిలో!”

గౌరీశంకరం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అవసరమైనదానికంటే ఎక్కువసేపు తుడుచుకున్నాడు. “సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నేను వెళ్ళి, మాస్టారూ, తప్పు మాదీ అంటే మా అక్కయ్య పరువేం కాను? నా పరువేం కాను? నీకు తొట్టి కావాలి, అంతేనా? రేపే రెండు కేజీలు కళ్ళుప్పు తెప్పిస్తాను. నూతి నీళ్ళలో కలుపు. సముద్రమంటే ఉప్పునీళ్ళేగా?”

రెండేళ్ళ పాటు హాల్లో కూర్చుని అందరికీ ‘ఒరిజినల్’ అని చూపించిన మనిషి అన్న మాట అది! ఇందిరకు అరవాలనిపించింది. అరవలేదు. “చేపలు నేను మళ్ళీ వేస్తాను. కాని మీరు ఆయనతో చెప్పేదాకా ఇందులో ఏ ప్రాణీ పడదు. దేవుడి బొమ్మలూ పడవు. ఉత్త తొట్టే ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టింది. విషం నీళ్ళలోనే ఉండదు. ఇసకలో, గవ్వల్లో, రాళ్ళలో ఇంకి, కొత్త నీళ్ళు పోసినా కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. అందుకని అన్నీ తీసి దొడ్డి చివర పారబోయించింది. రెండేళ్ళు ఏరి తెచ్చుకున్న గవ్వలు. పువ్వు ఉన్న రాయి మాత్రం చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి దాన్నీ పారేసింది. సబ్బు వెయ్యకుండా అద్దాలు కడిగి, మళ్ళీ కడిగి, తొట్టిని ఎండలో పెట్టించింది. కామాక్షమ్మ తులసికోట దగ్గర నుంచి చూసి, “చచ్చిన చేపలకి ఇంత మైల పట్టేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదమ్మా” అంది.

ఆ శనివారం రెండు క్యాన్లు పట్టుకుని ఓడలరేవు బస్సెక్కింది.

వరప్రసాదం ఇల్లు కనుక్కోవటం కష్టం కాలేదు. పెంకుటిల్లు, ముందు సరుగుడు చెట్లు. భార్య లీలావతి బియ్యం చేటలో ఏరుతోంది. ఎవరని అడిగి, విని, లేచి నిలబడింది. కాని మొహంలో ఆహ్వానం లేదు. ఆయన స్కూలు నుంచి అప్పుడే వచ్చాడు.

ఇందిర కూర్చోకుండానే అంతా చెప్పింది. గంగాళం, వెన్నెల, పసుపు, స్నానం, మిగిలిన నీళ్ళు, రాగి. ఒక్క ముక్క దాచలేదు. స్నానం దగ్గరికి వచ్చేసరికి లీలావతి చేట కింద పెట్టేసింది.

“మా ఆయన తెచ్చిన నీళ్ళతో పెద్దమ్మగారు పుణ్యస్నానం చేసేరా అండీ?” అంది. నవ్వలేదు. “ఇక్కడ ఈయన ఏం చేసేరో తెలుసాండి? లాయరు గారు ఆ మాట అన్న రోజు ఇంటికొచ్చి ఇంట్లో ఉన్న క్యాన్లు రెండూ కడిగి, ఆ నీళ్ళు వాసన చూసి, నాలిక మీద వేసుకుని చూసేరు. మర్నాడు పొద్దున్నే రేవు కెళ్ళి, ఎక్కడైనా ఏదైనా కలిసిందా అని పడవవాళ్ళందర్నీ అడిగేరు. నా వల్లే చచ్చేయా లీలా, నా వల్లే చచ్చేయా అని ఒకటే గోల.”

“ఊరుకోవే,” అన్నాడు వరప్రసాదం.

“ఎందుకూరుకోవాలి? వాటిని ఈయన ఒక్కసారి చూళ్ళేదండి! రెండేళ్ళు నీళ్ళు మోసేరు, పట్టించి తెచ్చేరు. అవి ఆ తొట్టిలో ఎలా ఈదుతాయో ఒక్కసారి కళ్ళతో చూళ్ళేదు. పెద్దమ్మగారి సంగతి వదిలెయ్యండి. మీరు చదువుకున్నవారు. మీరు మాత్రం లోపలికి రండి, చూడండి అన్నారా?”

ఇందిర నోరు తెరిచింది. అత్తవారిల్లు, ఆడపడుచు, అలవాటు. ఏది చెప్పినా అది గౌరీశంకరం మాటలాగే ఉంటుంది. ఇంతవరకూ ఆయన మీద మండుతున్న మంట ఒక్కసారి తన మీదికి తిరిగింది.

“అనలేదండి,” అంది.

లీలావతి చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“మీరు ఇంత దూరం వచ్చి చెప్పేరు. నా మనసు తేలికపడిందండి,” అన్నాడు వరప్రసాదం. “కాని మాట అన్నది మీరు కాదు కదండీ. నేను పిల్లలకి సైన్సు చెప్పేవాణ్ణి. పదిమందిలో, ఏ మురుక్కాలవలో ముంచేరు మాస్టారూ అన్నారు. మా హెడ్మాస్టరు గారున్నారక్కడ. ఇంక నేను నీళ్ళు మొయ్యనండి. ఏమీ అనుకోకండి.”

“అనుకోను. నేనే మోసుకెళ్తాను,” అంది ఇందిర.

ఇసకలో క్యాన్లు పట్టుకుని నడిచింది. మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి ముంచింది. అల కొట్టి నడుం దాకా తడిసింది. వెనక్కి చూస్తే లీలావతి ఒడ్డున నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో! క్యాను మూతలు రెండూ గట్టిగా బిగించి, ఒకటి అందుకుని బస్సు దాకా మోసింది.

బస్సులో కండక్టరు క్యాన్ల వైపు చూసి, “ఏవండీ అమ్మగారూ, కల్లా?” అన్నాడు.

“సముద్రం బాబూ.”

“అయితే సముద్రానికి అర టిక్కెట్టు కొట్టమంటారా అండీ?” అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇందిర కూడా నవ్వింది. ఆ వారంలో నవ్వటం అదే మొదలు.

కాని రెండు క్యాన్లకి తొట్టి నిండదు. ఆమె మళ్ళీ వెళ్ళింది. ఆ తరవాతా వెళ్ళింది. తడిచీరతో, చెరో చేతా క్యానుతో బస్టాండు నుంచి ఇంటిదాకా బజారు మధ్య నుంచి నడిచి వచ్చేది. రిక్షా ఎక్కమన్నా ఎక్కేది కాదు. లాయరు గారి భార్య సముద్రం మోస్తోందని ఊళ్ళో కబురు. ఎందుకు మోస్తోందంటే చెప్పటానికి రాజ్యం గారు ఉండనే ఉంది. మాణిక్యాలరావు వాయిదా పని మీద వచ్చి, “మా లారీ పంపమంటారా లాయరు గారూ? అమ్మగారి చేత మోయించటవేవిటండి, బాగుండదు,” అన్నాడు. ఈసారి గౌరీశంకరం నవ్వలేదు.

తరవాతి శనివారం బస్సు దిగేసరికి ఆయన బస్టాండులో ఉన్నాడు. ఇస్త్రీ లాల్చీ వేసుకుని, టీకొట్టు పక్కన, ఎవరి కోసమూ కానట్టు నిలబడి ఉన్నాడు. అదే బస్సులోంచి వెనక తలుపు గుండా వరప్రసాదం దిగాడు. ఊళ్ళోకి ఏదో పని మీద వచ్చాడు. గౌరీశంకరం చెయ్యి చాపి, “ఇలా ఇవ్వు” అన్నాడు. ఇందిర క్యాను వదల్లేదు. “ముందు ఆయనతో మాట్లాడండి” అంది.

గౌరీశంకరం గొంతు సవరించుకున్నాడు.

“మాస్టారూ! మొన్న ఏదో అన్నాను. మీ నీళ్ళ తప్పు కాదుటండి. ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందిట. మనసులో పెట్టుకోకండేం.”

“ఆయ్,” అన్నాడు వరప్రసాదం.

ఎక్కడో! ఏదో! ఇందిర ఒళ్ళు మండిపోయింది. ఆయన కోర్టులో ఏ సాక్షినీ ఇంత సుళువుగా తప్పించుకోనివ్వడు. ఆ ‘ఎక్కడో’ తన దొడ్లోనే ఉందనీ, ఆ ‘ఏదో’ తన చేత్తోనే చేశాడనీ చెప్పటానికి ఏమొచ్చింది? టీకొట్టు దగ్గర జనం చూస్తున్నారు. అక్కడే అడిగేద్దామనుకుంది. ఏమనుకుందో, ఆయన వైపు కాకుండా వరప్రసాదం వైపు తిరిగింది.

“మాస్టారూ, మా ఇంటికి రండి. లోపలికి వచ్చి తొట్టి చూడండి. ఇన్నాళ్ళూ నేను పిలవలేదు. తప్పు నాది. ఇవాళ రావాలి.”

వరప్రసాదం గౌరీశంకరం వైపు చూశాడు. పదిమంది చూస్తున్నారు కనక గౌరీశంకరం, “రండి మాస్టారూ, రండి” అన్నాడు. వరప్రసాదం కాస్త ఆలోచించి, ఇందిర చేతిలో ఒక క్యాను అందుకున్నాడు. రెండోది గౌరీశంకరం అందుకోవలసి వచ్చింది. ఇందిర ముందు నడిచింది.

హాల్లో కామాక్షమ్మ జపమాల తిప్పుకుంటోంది. వరప్రసాదం అరుగు కింద చెప్పులు విడిచి, గుమ్మం దాటి లోపలికి రావటం చూసి మాల ఆగిపోయింది. తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు క్యాను దించే పనిలో తల పైకెత్తలేదు. ఆవిడ లేచి, నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తొట్టిలో నీళ్ళు ముప్పాతిక వంతు ఉన్నాయి. తేటగా ఉన్నాయి. కొత్త గవ్వల మీద బుడగలు లేస్తున్నాయి. ఇంక ఏమీ లేదు. వరప్రసాదం చేతులు వెనక పెట్టుకుని వంగి చూశాడు. ఆ పక్కకి వెళ్ళి చూశాడు, ఈ పక్కకి వచ్చి చూశాడు.

“ఇంతేనా అండీ? నేను ఇంకా చాలా పెద్దదనుకున్నాను,” అన్నాడు.

ఇందిరకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“నల్లచుక్కలవి ఎక్కడ తిరిగేవండి?”

“ఇదిగో, ఇక్కడ. నేను వస్తే ఇలా పైకి వచ్చేవి,” అని అద్దం మీద వేలితో చూపించింది. “కొయ్యింగ పిల్లలు ఎప్పుడూ ఈ మూల, గుంపుగా. పీత రాత్రి పూట శంఖం ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరిగేది. పొద్దున్న చూస్తే ఇసక మీద చారలుండేవి.”

“పువ్వోనండీ?”

“అది ఈ మధ్యలో. బుడగలు తగిలితే ఊగేది.”

“దాన్ని రాయితో సహా ఊడబెరికింది నేనేనండి,” అన్నాడు వరప్రసాదం. “గవ్వ కోసుకుని ఈ అరచెయ్యి చీరుకుపోయింది. లీల తిట్టింది. ఎన్నాళ్ళు బతికిందండీ అది?”

ఇందిర భర్త వైపు తిరిగింది.

“మీరు చెప్పండి,” అంది. “ఎన్నాళ్ళు బతికిందో మీకే తెలుసు.”

గౌరీశంకరం ఉత్త తొట్టి వైపు చూశాడు, అద్దం మీద భార్య వేలి ముద్రల వైపు చూశాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

“మొన్నటి పౌర్ణమి దాకా మాస్టారూ,” అన్నాడు. గొంతు కోర్టులో గొంతు కాదు. “నేనే పోసేను. రాగి గంగాళంలో రాత్రల్లా ఉన్న నీళ్ళు. రాగి పనికిరాదని ఇందిర చెప్పే వెళ్ళింది. చేపలు తేలినప్పుడే నాకు అనుమానం వచ్చింది. వచ్చినా మీ మీద పెట్టేను.”

వరప్రసాదం పరవాలేదనలేదు. తొట్టి మీద నుంచి చూపు తియ్యకుండానే, “ఆ ముక్క బస్టాండులో చెప్పవలసిందండి” అన్నాడు.

“వచ్చే శనివారం చెప్తాను. మీ హెడ్మాస్టరు గారిని కూడా ఉండమనండి.”

“ఆయ్. అయితే వచ్చే శనివారం చూద్దామండి నీళ్ళ సంగతి.”

ఇందిర క్యాను మూత తీసింది. గవ్వలు చెదరకుండా అద్దం వారగా, సన్నటి ధారగా నీళ్ళు పొయ్యటం మొదలుపెట్టింది. వరప్రసాదం పక్కకి జరిగి, ఆమెకి అడ్డం రాకుండా చూస్తూ నిలబడ్డాడు. గౌరీశంకరం రెండో క్యాను ఎత్తి పట్టుకుని, ఎప్పుడు అందియ్యమంటుందా అని ఆమె వైపు చూస్తున్నాడు.